వీసా ఉన్నా స్టేటస్ పోవచ్చు

అమెరికాలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఎక్కువ. 2024-25 విద్యాసంవత్సరం లెక్కల ప్రకారం వారి సంఖ్య 3,63,019. వీరిలో తెలుగువాళ్ల వాటా పెద్దది. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) తెచ్చుకోవడం, హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ కోసం ఎదురుచూడడం, స్టాంపింగ్ అయిపోవడం వరకు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. విమానం దిగిన తర్వాత ఆ విద్యార్థి అక్కడ చట్టబద్ధంగా ఎలా కొనసాగుతాడన్నది మాత్రం తక్కువమందికి తెలుసు.

పాస్‌పోర్టులో అంటించే ఎఫ్-1 వీసా దేశంలోకి రావడానికే పనికొస్తుంది. హాల్‌టికెట్ చూపిస్తే పరీక్ష గదిలోకి పంపుతారు, లోపల కూర్చున్నాక పాటించాల్సిన నియమాలు వేరే ఉంటాయి. ఇదీ అంతే. లోపలికి వచ్చాక లెక్కలోకి వచ్చేది స్టేటస్ (విద్యార్థిగా ఉండడానికి చట్టం ఇచ్చే హోదా). వీసా గడువు ముగిసినా స్టేటస్ సరిగ్గా ఉంటే చదువు కొనసాగించవచ్చు. ఇండియా వచ్చి తిరిగి వెళ్లేటప్పుడే కొత్త స్టాంపింగ్ కావాలి. వీసా మీద ఇంకా మూడేళ్ల గడువు ఉన్నా స్టేటస్ పోతే మాత్రం అక్కడ ఉండడం కుదరదు.

ఈ స్టేటస్ సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) కనిపిస్తుంది. అది 2003 నుంచి పనిచేస్తోంది. చేరిన కోర్సు, ఉంటున్న చిరునామా, ఉద్యోగ అనుమతి, చదువు ముగిసే తేదీ అన్నీ అందులోకే ఎక్కుతాయి. వాటిని నమోదు చేసేది డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల రికార్డులు చూసేందుకు యూనివర్సిటీ నియమించే ఉద్యోగి). సీనియర్, రూమ్‌మేట్, అమీర్‌పేటలోని కన్సల్టెన్సీ ఎంత మంచివాళ్లయినా ఆ రికార్డును ముట్టుకోలేరు. ఏ సందేహం వచ్చినా ముందు డీఎస్ఓకు ఈమెయిల్ పెట్టాలి. వచ్చిన జవాబును భద్రంగా దాచుకోవాలి.

ఈ సంగతి ఇప్పుడు మరింత ముఖ్యం. 2025 వసంతంలో అమెరికా ప్రభుత్వం విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డులతో పోల్చి చూసి, వేల మంది సెవిస్ రికార్డులను రద్దు చేసింది. వారిలో ట్రాఫిక్ ఉల్లంఘనలు, ఎప్పుడో కొట్టేసిన కేసులు ఉన్నవాళ్లూ ఉన్నారు. చాలామంది కోర్టులకు వెళ్లారు. ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం ఆ రికార్డులను పునరుద్ధరించడం మొదలుపెట్టింది. అదే ఏడాది జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్నారు. ఆగస్టులో ఇంకో ప్రతిపాదన వచ్చింది. అప్పటిదాకా ఉన్న పద్ధతిలో విద్యార్థి చదువుతున్నంత కాలం ఉండవచ్చు, ఐ-94లో (దేశంలోకి వచ్చినట్టు నమోదయ్యే పత్రం) తేదీకి బదులు ‘డి/ఎస్’ అని ఉంటుంది. ఆ పద్ధతి తీసేసి గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలన్నది ఆ ప్రతిపాదన. అందుకే అమెరికాలో దిగిన ప్రతిసారీ ఐ-94ను ఆన్‌లైన్‌లో తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

వీసా ఇంటర్వ్యూ గురించి ఒక మాట. దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడనే అమెరికా చట్టం మొదట భావిస్తుంది. కాదని నమ్మించాల్సింది విద్యార్థే. ఈ కోర్సు ఎందుకు, ఈ యూనివర్సిటీ ఎందుకు, ఖర్చు ఎవరు పెడతారు అన్న ప్రశ్నలన్నీ ఇందుకే. బట్టీపట్టిన జవాబు కంటే తన మాటల్లో చెప్పిన రెండు వాక్యాలు మేలు. సొంతం కాని డబ్బును బ్యాంకు ఖాతాలో నాలుగు రోజులు చూపించడం, నకిలీ అనుభవ పత్రాలు పెట్టడం మన దగ్గర మామూలు విషయంలా మాట్లాడుకుంటున్నారు. మామూలు విషయం కాదది. ఒకసారి తిరస్కరణకు గురైనవాళ్లు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. మోసం చేసినట్టు తేలితే మాత్రం అమెరికాలోకి రాకుండా నిషేధం జీవితకాలం వెంటాడవచ్చు.

స్టేటస్ నిలబడడానికి మొదటి షరతు పూర్తిస్థాయి చదువు. డిగ్రీ విద్యార్థికి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఎమ్మెస్‌లో ఎన్ని అన్నది యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, చాలాచోట్ల అది 9. సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సును మాత్రమే ఈ లెక్కలో వేసుకుంటారు. కోర్సు కష్టంగా ఉందని అడక్కుండా వదిలేస్తే క్రెడిట్లు తగ్గుతాయి, స్టేటస్ పోతుంది. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టర్ లేఖతో తక్కువ క్రెడిట్లకు అనుమతి దొరుకుతుంది. మానసిక ఇబ్బందికీ ఇది వర్తిస్తుంది. అయితే ఆ అనుమతి ముందే తీసుకోవాలి. ఇల్లు మారితే పది రోజుల్లోగా తెలియజేయాలి. చిన్న పనే, కానీ చాలామంది మరచిపోయేది ఇదే.

అసలు చిక్కు పని దగ్గర వస్తుంది. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. లైబ్రరీ, క్యాంటీన్, ప్రొఫెసర్ దగ్గర సహాయకుడి పని ఇందులోకి వస్తాయి. సెలవుల్లో పూర్తి సమయం చేయవచ్చు. బయట గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని చేసే పనికి అనుమతి ఉండదు. ఇది పట్టుబడితే స్టేటస్ పోతుంది. పోయిన స్టేటస్‌ను తిరిగి తెచ్చుకోవడానికి ఒక దరఖాస్తు ఉంది గానీ, అనుమతి లేకుండా పనిచేసినవాళ్లకు ఆ తలుపు సాధారణంగా మూసే ఉంటుంది. జీతం ఎగ్గొట్టినా, పనిలో దెబ్బ తగిలినా ఇలా పనిచేసేవాళ్లు ఫిర్యాదు చేయడానికి భయపడతారు. యజమానికి ఆ భయం తెలుసు.

బయట ఉద్యోగానికి చట్టబద్ధమైన దారుల్లో ముఖ్యమైనవి రెండున్నాయి. సీపీటీ (కోర్సులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ) సాధారణంగా ఒక విద్యాసంవత్సరం చదివాకే దొరుకుతుంది. పూర్తి సమయం సీపీటీని పన్నెండు నెలలు వాడుకుంటే ఆ స్థాయి చదువుకు ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలికంగా ఉద్యోగం చేసుకునే అనుమతి) ఇక రాదు. ఓపీటీ పన్నెండు నెలలు. సైన్స్, ఇంజినీరింగ్, గణితం వంటి కోర్సుల వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల లోపు మొదటి ఓపీటీకి దరఖాస్తు చేయాలి. అనుమతి మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. పొడిగింపు దొరికినవాళ్లకు మొత్తం 150. ఈ రోజుల లెక్క చూసి కంగారుపడి, లేని ఉద్యోగం ఉన్నట్టు కాగితం ఇచ్చే కంపెనీలను ఆశ్రయించేవాళ్లున్నారు. తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసాకో గ్రీన్‌కార్డుకో దరఖాస్తు చేసినప్పుడు ఆ కాగితమే ఎదురొస్తుంది.

మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తాం, క్లాసులకు రాకపోయినా ఫర్వాలేదు అనే కాలేజీల విషయంలో మనవాళ్లకు చేదు అనుభవాలున్నాయి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వందల మంది తెలుగు విద్యార్థులు వీధిన పడ్డారు. కొందరి కాళ్లకు అధికారులు కదలికలు కనిపెట్టే రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. అందులో టీచర్లు లేరు, క్లాసులు లేవు. దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. విద్యార్థులను పెద్దసంఖ్యలో అరెస్టు చేశారు, వారిలో దాదాపు అందరూ భారతీయులే. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి ప్రభుత్వం అనుమతించిన కాలేజీల జాబితాలో పేరు కనబడినంత మాత్రాన ఆ కాలేజీని నమ్మకూడదని ఈ రెండో ఉదంతం తేల్చింది. ఎందుకంటే ఫార్మింగ్టన్ పేరు ఆ జాబితాలో ఉంది. క్లాసులు ఎక్కడ జరుగుతాయి, పాఠాలు చెప్పేదెవరు, హాజరు ఉందా లేదా అని విచారించాలి.

క్యాంపస్‌లోనూ కొన్ని కొత్త సంగతులు ఎదురవుతాయి. స్నేహితుడి అసైన్‌మెంట్ చూసి రాయడం అక్కడ పెద్ద తప్పు. యూనివర్సిటీ నుంచి పంపేస్తే స్టేటస్ కూడా దానితోపాటే పోతుంది. దుకాణంలో చిన్న వస్తువు డబ్బు కట్టకుండా తెచ్చినా, తాగి బండి నడిపినా పోలీసు రికార్డు అవుతుంది. తాగి నడిపిన కేసులో అరెస్టు అయితే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయగలరు. ఆరోగ్య బీమా కార్డు జేబులో ఉండాలి. జ్వరానికి ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా ముందు క్యాంపస్ క్లినిక్‌కు వెళ్తే బిల్లు చాలా తగ్గుతుంది. ఆదాయం ఒక్క డాలర్ లేకపోయినా ఏటా 8843 అనే పన్ను ఫారం పంపాలి. ఇండియా వచ్చే ముందు ఐ-20 మీద డీఎస్ఓ సంతకం ఏడాదిలోపుదేనా చూసుకోవాలి. ఓపీటీలో ఉంటే ఆరు నెలల లోపుది కావాలి.

చివరగా తల్లిదండ్రులకు. పిల్లల్ని అనుమతి లేని పనిలోకి నెట్టేది ఎక్కువసార్లు అప్పు వాయిదాలే. ‘వెళ్లాక ఏదో ఒక పని చేసుకుని కట్టేస్తాడు’ అన్న లెక్కతో పంపితే, ఆ లెక్క చట్టాన్ని దాటమని చెప్పినట్టే అవుతుంది. రెండేళ్ల ఫీజు, తిండి, అద్దె మొత్తం ఎక్కడి నుంచి వస్తాయో బయలుదేరే ముందే కాగితం మీద రాయండి. ఆ డబ్బు సరిపోకపోతే ఒక ఏడాది ఆగి పంపండి. చదువు పూర్తయి సరైన ఉద్యోగం దొరికేదాకా ఇంటికి డబ్బు పంపమని అడగకండి.