నెత్తుట్లో సున్నం

ఈనిన గేదె ఒకట్రెండు రోజుల్లో లేవలేక కూలబడి, మెడ తిప్పి డొక్కకి ఆనించుకుందంటే పాడి ఉన్న ఇంట్లో ఎవరైనా పాలజ్వరం అనే అంటారమ్మలూ. చెవులు పట్టుకు చూస్తే చల్లగా ఉంటాయి. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా దిగిపోయి నెత్తుట్లో తరిగిపోవడమే దాని జబ్బు. పశువుల డాక్టరు కాల్షియం సీసా నరంలోకి మెల్లమెల్లగా ఎక్కిస్తాడు. తొందరపడితే గుండె ఆగుతుంది మరి. సీసా అయ్యేసరికి చాలాసార్లు గేదె లేచి నిలబడుతుంది.

మనిషిలో అంత తేలిగ్గా పోల్చుకోలేం. ఒంట్లో ఉండే కిలో కాల్షియంలో నూటికి 99 పాళ్ళు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. అయినా నెత్తుట్లో తేడా వస్తే ముందు మొరపెట్టేది ఎముకలు కాదు, నరాలు. డెసిలీటరుకి సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు, ఆ కాస్త సందులోనే అది ఉండాలి. థైరాయిడ్ వెనక నక్కి ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు, బియ్యపుగింజంతవి నాలుగు, దాన్ని కనిపెడుతుంటాయి. తగ్గితే ఎముకల్లోంచి తీసి నెత్తుట్లో పోస్తాయి.

గేదె చచ్చుబడిపోతుంది గానీ, కాల్షియం తగ్గిన మనిషికి నరాలు రేగుతాయి. పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో చిమచిమ. పిక్కలు పట్టేస్తాయి, వేళ్ళు కొంకర్లు పోతాయి. ముదిరితే గొంతు బిగుసుకుని ఊపిరాడదు, ఫిట్స్ వస్తాయి. అప్పుడిక ఇంటివైద్యం మాటెత్తకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. థైరాయిడ్ ఆపరేషనైన మర్నాడో మూడోనాడో ఎవరైనా మూతి తిమ్మిరంటే నర్సమ్మ ఊరుకోదు. ఆ చిన్న గ్రంథులకి దెబ్బ తగిలిందేమోనని అనుమానం.

ట్రూసో అనే ఫ్రెంచి వైద్యుడు 19వ శతాబ్దంలో ఓ తమాషా కనిపెట్టాడు. కాల్షియం తగ్గిన మనిషి చేతికి రక్తం ఆడకుండా కాసేపు బిగిస్తే మణికట్టు వంగి, వేళ్ళు బిర్రుగా దగ్గరకొచ్చి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. ఇప్పుడు బీపీ పట్టీతో మూడు నిమిషాలు బిగించి చూస్తారు. చెవి ముందు వేలితో తడితే పెదవి మూల ఎగరడం ఇంకో గుర్తు. అది నిక్షేపంలాంటి వాళ్ళలోనూ కనిపిస్తుంది కనక నేనైతే దాన్ని పెద్దగా నమ్మను. గాబరాతో గబగబా ఊపిరి తీసినా వేళ్ళు ఇలాగే కొంకర్లు పోతాయి. అప్పుడు కాల్షియం ఒంట్లోనే ఉంటుంది, కాకపోతే మామూలుకంటే ఎక్కువగా ప్రొటీన్‌కి అంటుకుపోయి పనికి సరిపడా దొరకదు.

కాల్షియం పెరగడం ఉందే, అది దొంగరోగం. దాహం, మాటిమాటికీ ఒంటేలు, మలబద్ధకం, అన్నం సయించకపోవడం, నీరసం, మతిమరుపు. షుగరేమోనని చూపిస్తే షుగరుండదు, ఇక వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. కిడ్నీలో రాళ్ళు తీసిన కొద్దీ వస్తుంటే మాత్రం కాల్షియం చూడాల్సిందే. అమెరికా ఓడ కెప్టెన్ ఛార్లెస్ మార్టెల్ 6 అడుగుల 1 అంగుళం మనిషి, ఎముకలు గుల్లబారి ఏడంగుళాలు కుంగిపోయాడు. పారాథైరాయిడ్ గడ్డ ఉందేమోనని మెడలో ఎన్నిసార్లు కోసి వెతికినా అది దొరకలేదు. 1932లో ఏడో ఆపరేషన్‌లో ఛాతీలో దొరికింది ఆ గడ్డ. అప్పటికే కిడ్నీలు పాడైపోయాయి, కొన్ని వారాలకే పోయాడు పాపం.

కాల్షియం ఇలా పెంచుకోడానికి మనవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులకి విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక వారానికొకటి రాసిస్తే రోజుకొకటి మింగేవాళ్ళున్నారు. ఆరు లక్షల యూనిట్ల సూది పదేపదే పొడిపించుకునేవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకి వాంతులు, మగత.

రిపోర్టులో కాల్షియం తక్కువని కంగారు పడేముందు పక్కనే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూడు తల్లీ. అది 4 గ్రాములకంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియం దాదాపు 0.8 తక్కువ కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే అయనైజ్డ్ కాల్షియం అని వేరే పరీక్ష ఉంది, అది అడుగు.