వంత పలికేవాళ్లు ఉంటేనే

భక్తి ఎవరికి వాళ్లదే. పూజగదిలో ఒంటరిగా కూర్చుని దండం పెట్టుకుంటే దేవుడు వినడని ఎవరూ అనరు. కానీ ఆ భక్తి మనతో ఆగిపోకుండా మనవల దాకా చేరాలంటే నలుగురూ కలవాల్సిందే. మన పాటల చరిత్రే ఇందుకు సాక్ష్యం. అన్నమయ్య సంకీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. కొన్ని పాటలు జనం నోళ్లలో మిగిలినా, వేలకొద్దీ పాటలు ఆ రేకుల్లోనే ఉండిపోయాయి. 1922లో అవి వెలుగులోకి వచ్చినప్పుడు సాహిత్యం దొరికింది, రాగం పేరు దొరికింది. ఆయన పాడిన వరుస మాత్రం దొరకలేదు. ఇప్పుడు మనం పాడుకుంటున్న బాణీల్లో చాలావరకు ఆ తర్వాత కట్టినవే. రామదాసు కీర్తనలకు అలాంటి రాగిరేకుల అండ లేదు. వాటిని మోసినవి ఊరూరి భజన గోష్ఠులు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవారు. అక్షరం రానివాళ్లు కూడా చరణాలన్నీ నోటికి నేర్చుకున్నారు. ఆ క్రమంలో పాఠాలు మారాయి, వరుసలు ఊరికొకటయ్యాయి అంటే కాదనలేం. మారినా, పాట నోట్లోనే ఉంది. దాన్ని మళ్లీ వెతికి తీయాల్సిన అవసరం రాలేదు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం మారిషస్. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా ఆ ద్వీపానికి వెళ్లిన లక్షలాది మంది భారతీయుల్లో మన కోస్తా జిల్లాలవాళ్లూ ఉన్నారు. అక్కడి భారతీయుల్లోనే వాళ్లది చిన్న వర్గం. ఈనాడు వాళ్ల వారసుల ఇళ్లలో ఎక్కువగా వినిపించేది క్రియోల్. అయినా దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నిలిచాయి. 1946లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. బడుల్లో తెలుగు చెబుతున్నారు. ఉగాదికి దేశమంతా సెలవు. ఇంట్లో ఒక్కరే పూజ చేసుకుంటే ఇవి వచ్చేవి కావు. బడి కావాలని, సెలవు కావాలని అడగాలంటే ముందు ఒకచోట చేరే అలవాటు ఉండాలి. నా అభిప్రాయంలో ఆ అలవాటు చేసింది భజనే.

వాళ్లంతా ఒకే తోటలో పక్కపక్కనే ఉన్నారు, మేం ఒకరికొకరు గంట ప్రయాణం దూరంలో ఉన్నాం, ఫోన్‌లో తిరుమల కల్యాణోత్సవం చూస్తూనే ఉన్నాం కదా అని ఎవరైనా అనవచ్చు. చూడటం మంచిదే, పెద్దవయసువాళ్లకు అది వరం. అయితే తెర ముందు కూర్చున్న పిల్లవాడు లేచి వెళ్లిపోయినా అక్కడ ఏదీ ఆగదు. భజనలో అదే పిల్లవాడి చేతిలో చిడతలు పెడితే వాడికో పని ఉంటుంది. తాళం తప్పితే పక్కనున్న మామయ్య సరిచేస్తాడు. తను రాకపోతే అడిగేవాళ్లుంటారు. ఈడొచ్చిన పిల్లలు దూరమైపోతున్నారని మనం బాధపడుతున్నాం. వాళ్లను ప్రేక్షకుల్లా కూర్చోబెట్టింది మనమే కదా!

అర్థం తెలియకుండా పాడితే ఏం లాభమన్నది మరో ప్రశ్న. మన ఊళ్లలో మాత్రం చిన్నప్పుడు ప్రతి చరణానికీ అర్థం తెలిసి ఎవరు పాడారు? ముందు పాట నోటికి వస్తుంది, అర్థం వయసుతోపాటు వస్తుంది. పిల్లలు ఇంగ్లిష్ లిపిలో రాసుకుని పాడినా అడ్డు చెప్పకండి.

ఇక కలిసినచోట తగవులు వస్తాయన్న మాట. నిజమే. ఒకే ఊళ్లో రెండు కమిటీలు ఒకే రోజు పండుగ చేసి రెండు హాళ్లూ సగం ఖాళీగా మిగిల్చిన సందర్భాలున్నాయి. దానికి విరుగుడు ఇంట్లో తలుపేసుకోవడం కాదు. భజనకు అధ్యక్షులు అక్కర్లేదు. ఒక గది, ఒక హార్మోనియం, పదిమంది మనుషులు చాలు. వచ్చే శ్రీరామనవమికి మన సంఘంలో పల్లవి పిల్లలు ఎత్తుకోవాలి, పెద్దలు వంత పలకాలి. పాటల కాగితాలు నెల ముందే ఇళ్లకు పంపితే సాధనకు వాళ్లకు సమయం దొరుకుతుంది.