గట్టు కొలిచే మిషన్‌ను ఎవరు కొలవాల?

రీసర్వే వాళ్లు మా చేనిగట్టు మీద ఒక కర్ర నిలబెట్టి, రోంతసేపటికే "ఇదే మీ హద్దు" అన్నారు. మా నాయన ఒకటే అడిగినాడు: "ఈ మిషన్ సరిగ్గా ఉండాదని ఎవరు చూసినారబ్బా?" అందరూ నవ్వినారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకునింది.

ఆ కర్ర మీదిది రోవర్. 2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేకు డ్రోన్లతో పాటు దీన్నే వాడినారు. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సిగ్నల్ చేరడానికి పట్టిన టైము లెక్కగట్టి ఇది చోటు చెప్తాది. ఆ టైములో సెకనులో వంద కోట్లో వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు తేడా. వంద మీటర్ల గట్టు అంత జరిగితే పోయేది దగ్గర దగ్గర ముక్కాలు సెంటు. అన్నదమ్ములు కోర్టుకెక్కేది ఇంతమాత్రానికే గదా!

మరి పరీక్ష ఎట్ల? ఉపగ్రహాలు కదులుతానే ఉంటాయి. నిన్నటి ఆకాశం ఈరోజు ఉండదు. అందుకే ల్యాబుల్లో సిమ్యులేటర్ వాడతారు. ఏ ఉపగ్రహం ఎప్పుడు యాడ ఉంటాదో చెప్పే ఫైలు, మనకు కావాల్సిన చోటు, టైము కంప్యూటర్‌కు ఇస్తే, ఆ చోటికి రావాల్సిన సిగ్నల్‌ను అదే తయారు చేస్తాది. ఎస్‌డీఆర్ అనే చిన్న బోర్డు దాన్ని రేడియో సిగ్నల్‌గా మార్చి, కేబుల్ గుండా రిసీవర్‌కు పంపుతాది. రిసీవర్ కడపలో బల్ల మీదే ఉంటాది, కానీ ఆదోనిలో ఉండానని అనుకుంటాది. అది చెప్పిన చోటుకూ మనం ఇచ్చిన చోటుకూ తేడా ఎంతో చూస్తే దాని బండారం బయటపడుతుంది. రెండు ఉపగ్రహాలు కనపడకపోతే? నల్లమల కొండకు సిగ్నల్ తగిలి వెనక్కొస్తే? అదే పరీక్ష ఎన్నిసార్లయినా పెట్టొచ్చు. రోవర్‌కైతే సీఓఆర్‌ఎస్ కేంద్రం నుంచి వచ్చే దిద్దుబాటు కూడా ఇందులో కలపాల. మన నావిక్ రిసీవర్లకూ దారి ఇదే.

ఒకప్పుడు దీనికి ఖరీదైన పెట్టెలే దిక్కు. ఇప్పుడు జీపీఎస్-ఎస్‌డీఆర్-సిమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండాది. ఇంజనీరింగ్ చదివే పిల్లోళ్లు నేర్చుకోవచ్చు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: యాంటెన్నా తగిలించి ఈ సిగ్నల్‌ను గాలిలోకి వదలొద్దు. చుట్టుపక్కల ఫోన్లు, ఆకాశంలో విమానాలు దారి తప్పుతాయి. అది నేరం కూడా.

ల్యాబులో పాసైనంత మాత్రాన చేన్లో తప్పు జరగదని కాదు. కర్రను తప్పు రాయి మీద పెడితే ఏ సిమ్యులేటరూ పట్టుకోలేదు. అందుకే సర్వేకొచ్చినోళ్లను రెండు అడగండి: ఈ మిషన్ను ఎప్పుడు పరీక్ష చేసినారు? ముందే కొలతలు తెలిసిన పాయింటు మీద పెట్టి మా ముందర చూపిస్తారా? మా నాయన అడిగింది ఎగతాళి మాట కాదు, అడగాల్సిన మాటే.