పిల్లలు తక్కువగా పుడుతున్నా జనాభా ఎందుకు పెరుగుతుంది?

ఒక్కో మహిళ తన జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలను కంటుందో తెలిపే అంకెను సంతానోత్పత్తి రేటు అంటారు. ఇది సుమారు 2.1 ఉంటే తల్లిదండ్రుల స్థానాన్ని పిల్లలు భర్తీ చేస్తారు కనుక, వలసలను పక్కన పెడితే, దీర్ఘకాలంలో జనాభా నిలకడగా ఉంటుంది; రెండుకు పైనున్న ఆ కొసరు, పెద్దవారు కాకముందే మరణించే పిల్లలను, ఆడపిల్లల కంటే కాస్త ఎక్కువగా పుట్టే మగపిల్లలను దృష్టిలో ఉంచుకుని కలిపినది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఈ రేటు భారతదేశంలో 2.0కు, తెలంగాణలో 1.8కి, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కి దిగింది. అయినా దేశ జనాభా పెరుగుతూనే ఉండటానికి ముఖ్య కారణం వయసుల కూర్పు: కాన్పులు ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నారు. ఒక ఊళ్లో వృద్ధులు 100 మంది, యువ జంటలు 150 ఉన్నాయనుకుంటే, జంటకు ఇద్దరే పుట్టినా 300 మంది కొత్తగా చేరతారు, అదే కాలంలో కన్నుమూసే వృద్ధులు మాత్రం 100 మందే. ఈ పెరుగుదలకు జనాభా ఊపు అని పేరు.

జపాన్‌లో రేటు 1970ల మధ్య నుంచే 2.1 కన్నా తక్కువగా ఉన్నా, జనాభా తగ్గుముఖం పట్టింది 2008 తర్వాతే. ఊపు అణగడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టిందన్నమాట. ఆఫ్రికాలోని నైజర్‌లో ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు, పైగా జనాభాలో దాదాపు సగం 15 ఏళ్లలోపువారే కావడం వల్ల, రేటు రేపటికల్లా 2.1కు పడిపోయినా (అది జరిగే పని కాదు) అక్కడ జనాభా ఇంకా దశాబ్దాలపాటు పెరుగుతూనే ఉంటుంది.