పీఎస్‌ఏ పరీక్ష: రిపోర్టులోని ఆ అంకెను ఎలా చదవాలి?

యాభై దాటిన మగవారి ‘ఫుల్ బాడీ చెకప్’ రిపోర్టుల్లో ఈమధ్య తరచుగా ఒక వరుస కనిపిస్తోంది: పీఎస్‌ఏ, టోటల్. పక్కనే 4 వరకు మామూలే అని అచ్చు వేసి ఉంటుంది. అంకె 4 దాటితే అది ముదురు అక్షరాల్లో వస్తుంది. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. రక్తం ఇచ్చిన మనిషికి ఆ పరీక్ష ఎందుకో చాలాసార్లు ఎవరూ చెప్పి ఉండరు. షుగరు, కొలెస్ట్రాల్‌తో పాటు ప్యాకేజీలో అదీ ఉంది, అంతే.

ప్రోస్టేట్ మగవారికి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉంటుంది. యువకుల్లో దాని పరిమాణం అక్రోటు కాయంత. వయసుతో పాటు అది ఉబ్బుతుంది. పెద్దవాళ్లు రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడానికి, ధార సన్నబడటానికి చాలామందిలో కారణం ఈ ఉబ్బే. ఇది క్యాన్సర్ కాదు.

ఈ గ్రంథి కణాలు తయారుచేసే ఎంజైమే పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. చిక్కగా గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచి, శుక్రకణాలు ఈదేందుకు వీలు కల్పించడం దాని పని. వీర్యంలో అది రక్తంలో కంటే లక్షల రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పం. కణాల అమరిక చెదిరినప్పుడు ఆ కారుడు పెరుగుతుంది. క్యాన్సర్ వల్ల చెదరవచ్చు, ఇన్‌ఫెక్షన్ వల్లా చెదరవచ్చు. గ్రంథి పెద్దదైతే తయారయ్యే సరుకే ఎక్కువ కాబట్టి, అప్పుడూ అంకె పెరుగుతుంది. పేరులో ప్రోస్టేట్ అని ఉంది గానీ క్యాన్సర్ అని ఎక్కడా లేదు.

కొలిచేది మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములని. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇంత సూక్ష్మమైన మోతాదును పట్టుకోవడానికి ల్యాబులో రెండు యాంటీబాడీలను వాడతారు. ఒకటి పీఎస్‌ఏను పట్టి నిలుపుతుంది, రెండోది దానికి అతుక్కొని వెలుగునిస్తుంది. ఎంత వెలుగు వస్తే అంత పీఎస్‌ఏ ఉన్నట్టు. ఒక్కో కంపెనీ కిట్ కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి, నిరుడు ఒక ల్యాబులో 3.4 వచ్చి ఈ ఏడు మరోచోట 3.9 వస్తే నిజంగా పెరిగిందని అనుకోనక్కర్లేదు. ఈ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన పని లేదు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు పీఎస్‌ఏ చూస్తే అంకె అమాంతం పెరిగి కనిపిస్తుంది. అది తగ్గి ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక మళ్లీ చూడాలి. మూత్రానికి గొట్టం వేసినా, ముందు రెండు రోజుల్లో వీర్యస్ఖలనం జరిగినా, చాలాసేపు సైకిల్ తొక్కినా కొంత పెరగవచ్చు. దీనికి తిరగబడిన సమస్య ఇంకా ప్రమాదకరం. ప్రోస్టేట్ ఉబ్బుకు ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలల్లో పీఎస్‌ఏను దాదాపు సగానికి దించేస్తాయి. జుట్టు రాలకుండా వాడే తక్కువ మోతాదు ఫినాస్టెరైడ్‌దీ అదే తీరు. అలాంటి వ్యక్తికి 3 వచ్చిందంటే డాక్టరు దాన్ని సుమారు 6గా చదువుకోవాలి. మాత్రల సంగతి చెప్పకపోతే ఆ రిపోర్టు ‘నార్మల్’గానే మిగిలిపోతుంది.

అసలు 4 అనే హద్దు గట్టి గోడేమీ కాదు. 4 నుంచి 10 మధ్య వచ్చినవారికి బయాప్సీ చేస్తే, దాదాపు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ కనిపిస్తుంది. మరోవైపు 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 4 దాటని దాదాపు 3 వేల మందికి బయాప్సీ చేస్తే 15 శాతం మందిలో క్యాన్సర్ బయటపడింది. అందుకే ఇప్పుడు ఒక్క అంకె చూసి సూది తీయరు. మళ్లీ పరీక్ష చేస్తారు. రక్తంలో మరో ప్రొటీనుకు అంటుకోకుండా విడిగా తిరిగే పీఎస్‌ఏ వాటా ఎంతో చూస్తారు. ఆ వాటా తగ్గే కొద్దీ అనుమానం పెరుగుతుంది. ఆపై ఎంఆర్‌ఐ తీసి, అనుమానాస్పదమైన చోటు ఉంటే బయాప్సీకి వెళ్తారు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1986లో ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది, అప్పటికే క్యాన్సర్ ఉన్నవారిని గమనించడానికి మాత్రమే. క్యాన్సర్‌ను కనిపెట్టడానికి తోడ్పడే పరీక్షగా అనుమతి 1994లో వచ్చింది. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్ల గురించి ప్రకటించినవారిలో ఒకరైన రిచర్డ్ ఆబ్లిన్, తర్వాతి కాలంలో ఈ మూకుమ్మడి పరీక్షలను తీవ్రంగా విమర్శించారు. ఆయన ఆందోళన ఊహాజనితం కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలావరకు అతి నెమ్మదిగా పెరుగుతాయి. అవి ఉన్నాయని తెలియకుండానే మనిషి మరేదో కారణంతో కన్నుమూస్తాడు. అలాంటివాటిని వెతికి తీసి ఆపరేషనో రేడియేషనో చేస్తే, మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన సమస్యలు మిగలవచ్చు.

అయితే ప్రయోజనమూ ఉంది. యూరప్‌లో 1.6 లక్షల మందికి పైగా మగవారిపై జరిగిన అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. పిలిచిన ప్రతి 456 మందికి ఒక మరణం తప్పింది. బ్రిటన్ అధ్యయనం మరో మాట చెప్పింది: గ్రంథికే పరిమితమైన క్యాన్సర్ ఉన్న 1,643 మందిలో, ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, కేవలం గమనిస్తూ వచ్చినా, 15 ఏళ్లలో ఆ జబ్బుతో చనిపోయినవారు సుమారు మూడు శాతమే. క్యాన్సర్ అని తేలగానే కత్తి పట్టాల్సిన తొందర అందరికీ లేదన్నమాట.

భారత ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి, ప్రోస్టేట్ లేదు. ఇక్కడి చిక్కు వేరు. నగరాల్లో ఏ ఇబ్బందీ లేని 75 ఏళ్ల పెద్దాయనకు ప్యాకేజీలో భాగంగా పీఎస్‌ఏ చేస్తారు. అమెరికా మార్గదర్శకాలు సైతం 70 దాటాక స్క్రీనింగ్ వద్దంటున్నాయి, 55 నుంచి 69 ఏళ్ల వారిని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోమంటున్నాయి. అదే పల్లెలో నెలల తరబడి మూత్రం ఇబ్బంది పడుతున్న మనిషి ‘వయసు మీద పడింది’ అని ఊరుకుంటాడు. నడుము నొప్పికి తైలం రాసుకుంటూ ఉండగా, జబ్బు వెన్నెముకకు పాకిందని తేలుతుంది. మూత్రంలో రక్తం, ధార ఆగిపోవడం, తగ్గని ఎముకల నొప్పి ఉన్నవారికి పీఎస్‌ఏ చేయడం స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. దాన్ని వాయిదా వేయకూడదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చినవారు డాక్టరుతో కాస్త ముందే మాట్లాడటం మేలు.

చికిత్స తర్వాత మాత్రం ఈ పరీక్షకు సాటి వచ్చేవి తక్కువ. గ్రంథిని పూర్తిగా తీసేస్తే పీఎస్‌ఏ కొన్ని వారాల్లో దాదాపు సున్నాకు రావాలి. ఆ తర్వాత 0.2కు చేరి, రెండోసారి చూసినా అలాగే ఉంటే జబ్బు తిరిగి వస్తోందని అనుమానిస్తారు. చాలాసార్లు ఇది స్కానింగులో ఏదైనా కనబడటానికి ఎంతో ముందే తెలుస్తుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి అంకె మెల్లగా దిగుతుంది. అది చేరిన కనిష్ఠానికి పైన 2 నానోగ్రాములు పెరిగినప్పుడే దాన్ని తిరగబెట్టినట్టు లెక్కిస్తారు. మధ్యలో కాస్త లేచి మళ్లీ పడిపోవడం మామూలే. చికిత్స లేకుండా గమనింపులో ఉన్నవారికీ కొన్ని నెలలకోసారి ఇదే పరీక్ష చేస్తారు. ఈ అందరి విషయంలోనూ యూరాలజిస్టు మొదట అడిగేది పాత రిపోర్టులు. తేదీల వారీగా ఒకే ఫైలులో, వీలైతే ఒకే ల్యాబువి ఉంటే, అంకె ఎంత వేగంగా కదులుతోందో ఆయన అక్కడికక్కడే లెక్కగట్టగలరు.