లింకు నొక్కేశారా? ఏ దశలో ఉన్నారో ముందు చూసుకోండి
- అన్నిటికీ ఒకే మందు పనిచేయదు
- డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి

పీఎం కిసాన్ విడత ఎప్పుడు పడుతుందా అని ఊరంతా ఎదురుచూసే రోజుల్లోనే ఫోన్లకు ఒక సందేశం వస్తుంది. 'మీ ఈకేవైసీ పూర్తి కాలేదు. ఈ రోజే చేయకపోతే డబ్బులు ఆగిపోతాయి' అని ఉంటుంది. దాని కింద ఒక లింకో, పథకం పేరు పెట్టిన ఒక ఫైలో ఉంటుంది. అది వచ్చేది చాలాసార్లు ముక్కూ మొహం తెలియనివాడి నుంచి కాదు. ఊరి వాట్సప్ గ్రూపులో, మనకు తెలిసిన రైతు నంబరు నుంచే వస్తుంది. దాంతో అనుమానం రాదు, వేలు పడుతుంది. తర్వాత ఎవరో 'అది దొంగ లింకంట' అనగానే గుండెల్లో రాయి పడుతుంది.

ఆ గుబులు ఊరికే పుట్టేది కాదు. ఆ ఫోను నంబరుకే బ్యాంకు ఖాతా ముడిపడి ఉంటుంది. మిర్చి అమ్మిన సొమ్ము, పంట రుణం, కౌలు కట్టడానికి దాచిన డబ్బు అన్నీ అందులోనే ఉంటాయి. అయితే లింకు నొక్కిన ప్రతివారి ఖాతా ఖాళీ అయిపోదు. ఏమీ కాదులే అని ఊరుకోవడమూ మంచిది కాదు. ఏం జరిగింది, ఎంతవరకు జరిగింది అన్నది తెలుసుకుంటే ఏం చేయాలో తేలిపోతుంది.

ఎర ఎలా వేస్తారంటే...
లద్దె పురుగుకు రైతు తవుడు, బెల్లం కలిపి విషపు ఎర పెడతాడు. మోసగాడి పద్ధతీ అంతే, పురుగు దేనికి ఆశపడుతుందో దాన్నే పెడతాడు. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో రైతుల ఖాతాల్లో పడుతున్నాయి. అందుకే ఆ పేరు వాడుకుంటారు. బండికి చలానా పడిందని, బ్యాంకు బహుమతి పాయింట్లు పోతున్నాయని, చివరకు పెళ్లి శుభలేఖ అని కూడా పంపుతారు. పేరు ఏదైనా లోపలి సరుకు ఒక్కటే. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు. ఫొటో గానీ, శుభలేఖ గానీ, రసీదు గానీ ఏపీకే రూపంలో ఎప్పుడూ రావు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే సగం గండం గడిచినట్లే.

ఏ దశలో ఉన్నారు?
లద్దె పురుగు గుడ్ల దశలో ఉంటే ఆ ఆకు తుంచి నలిపేస్తే చాలు. పురుగు ముదిరాక ఎన్ని మందులు కొట్టినా లొంగదు. ఇక్కడా దశను బట్టే మందు.

మొదటి దశ: లింకు నొక్కారు, ఏదో పేజీ తెరుచుకుంది, మూసేశారు. వివరాలేమీ ఇవ్వలేదు, ఏదీ దిగలేదు. ఇలాంటప్పుడు ప్రమాదం చాలా తక్కువ. పేజీ తెరుచుకున్నంత మాత్రాన అది మీ మెసేజీలు చదవలేదు. ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌ను ఒక్కో గదిలో పెట్టి తాళం వేసినట్లు ఉంచుతుంది. ఆ తాళం మనం తీసి ఇస్తేనే వేరే యాప్ మెసేజీల జోలికి పోగలదు. కొన్నేళ్లుగా అప్‌డేట్ చేయని పాత ఫోన్లకు మాత్రం కొంత ముప్పు ఉంది. కాబట్టి సెట్టింగుల్లోకి వెళ్లి అప్‌డేట్ ఉంటే చేసుకోవాలి. బ్రౌజర్లో పాత చరిత్ర తుడిచేయాలి. ఇంతటితో సరి.

రెండో దశ: పేజీలో ఆధార్ నంబరు, ఖాతా నంబరు, కార్డు వివరాలు, ఓటీపీ లాంటివి నింపారు. ఇక్కడ ఫోనుకు జబ్బు లేదు, కానీ తాళంచెవి దొంగ చేతికి చిక్కింది. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు నిలిపివేయించాలి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, యూపీఐ పిన్ మార్చాలి. ఒక మాట గుర్తుంచుకోండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప, తీసుకోవడానికి అవసరం లేదు. డబ్బు వేస్తామంటూ పిన్ అడిగితే అది మోసమే.

మూడో దశ: ఏపీకే ఫైలు దిగింది కానీ దాన్ని తెరవలేదు. గుడ్డు ఆకు మీదే ఉందన్నమాట. డౌన్‌లోడ్స్ లోకి వెళ్లి, వాట్సప్‌లో వచ్చి ఉంటే అక్కడా తీసేయాలి. ముందుగా ఆ మెసేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తర్వాత ఫిర్యాదుకు పనికొస్తుంది.

నాలుగో దశ: 'ఇన్‌స్టాల్' నొక్కారు, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేశారు. ఇదే ముదిరిన దశ. ఆ యాప్ మెసేజీలు చదివి ఓటీపీలను దొంగకు చేరవేస్తుంది. మీ ఫోనులోని నంబర్లన్నిటికీ అదే ఫైలును మీ పేరుతో పంపగలదు. గ్రూపులో తెలిసిన రైతు నుంచి ఫైలు రావడానికి కారణం ఇదే. పాపం, ఆయనకు తెలిసి పంపింది కాదు.

యాప్ ఎక్కించేసి ఉంటే
మొదట నెట్ ఆపాలి. ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూడాలి. దొంగకు సమాచారం చేరే దారి అక్కడితో తెగుతుంది.

రెండోది, ఇంట్లో వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి. నంబరు పాసుపుస్తకం మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉంటుంది. కంగారులో నెట్‌లో 'కస్టమర్ కేర్' అని వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. పెనం మీది నుంచి జారి పొయ్యిలో పడ్డట్లవుతుంది.

మూడోది, యాప్‌ను తీసేయాలి. సెట్టింగుల్లో యాప్స్ జాబితా చూడాలి. ఇలాంటివి తెరమీద బొమ్మ కనిపించకుండా దాక్కుంటాయి కనుక జాబితాలోనే వెతకాలి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే 'డివైస్ అడ్మిన్' అనే చోట, 'యాక్సెసిబిలిటీ' అనే చోట దానికిచ్చిన అధికారం తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ మొండికేస్తే ఫోనును సేఫ్ మోడ్‌లో తెరవాలి. అందులో మనం ఎక్కించిన యాప్‌లు పనిచేయవు, అప్పుడు తీసేయడం తేలిక.

నాలుగోది, నెట్ తిరిగి పెట్టి ప్లే స్టోర్‌లోని 'ప్లే ప్రొటెక్ట్' తో స్కాన్ చేయాలి. కాల్ సెట్టింగుల్లో కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉన్నాయేమో, వాట్సప్‌లో 'లింక్డ్ డివైసెస్' కింద తెలియని పరికరం ఉందేమో చూడాలి. పాస్‌వర్డులు, పిన్నులు శుభ్రమైన వేరే ఫోను నుంచే మార్చాలి. దొంగ యాప్ ఉండగానే మారిస్తే కొత్త తాళంచెవి కూడా వాడికే ఇచ్చినట్లు. అనుమానం తీరకపోతే ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాలి. స్క్రీన్‌షాట్లు తీయకుండా మాత్రం రీసెట్ చేయొద్దు.

ఇంట్లో ట్యాబ్ ఉంటే
పిల్లల చదువు కోసం కొన్న ట్యాబ్‌లు ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచారు. సిమ్ లేని ట్యాబ్‌కు ఓటీపీ మెసేజీలు రావు కాబట్టి ముప్పు కొంత తక్కువే. కానీ నాన్న ఫోనులో ఉన్న గూగుల్ ఖాతానే ట్యాబ్‌లోనూ పెడితే మెయిళ్లు, ఫొటోలు, దాచిన పాస్‌వర్డులు అక్కడా కనిపిస్తాయి. పిల్లలకు వేరే ఖాతా తెరిచి ఇవ్వడం మేలు. ఐప్యాడ్‌లో ఏపీకే ఫైలు పనిచేయదు. అయితే దొంగ పేజీలో వివరాలు నింపితే ఏ పరికరమైనా ఒకటే. పిల్లవాడు ఏదైనా నొక్కాడని తెలిస్తే తిట్టొద్దు, కొట్టొద్దు. ఈసారి తిడితే ఇంకోసారి దాస్తాడు. అసలు నష్టం దాచినప్పుడే.

డబ్బు పోతే
జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే కదలకుండా ఆపుతారు. వేరే బ్యాంకుకు దాటి ఉంటే కబురు అక్కడికీ వెళ్తుంది. ఇది కాలువలో నీళ్లను తరుముకుంటూ పోయి గండి కట్టడం లాంటిది. గంటలు గడిచేకొద్దీ నీళ్లు దూరం పోతాయి. రేపు టౌనుకు వెళ్లినప్పుడు చూద్దాంలే అంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే.

ఫిర్యాదు త్వరగా చేయడానికి ఇంకో కారణం ఉంది. ఖాతాదారు ప్రమేయం లేని మోసాల గురించి 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. తప్పు బ్యాంకుదీ, ఖాతాదారుదీ కాకుండా వేరేచోట జరిగి, మూడు పనిదినాల్లోగా చెబితే ఖాతాదారుపై భారం పడదు. ఓటీపీ చెప్పడం లాంటి పొరపాటు ఖాతాదారుదే అయితే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం ఆయనదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. కాబట్టి ఫోన్ చేసిన సమయం, ఇచ్చిన ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి.

భయాన్నీ సొమ్ము చేసుకుంటారు
లింకు నొక్కి బెదిరిపోయిన మనిషికి రెండో ఎర కూడా ఉంటుంది. 'మీ ఫోనులో వైరస్‌లు ఉన్నాయి, ఇది ఎక్కించుకుంటే పోతాయి' అని ఎర్ర అక్షరాలతో పేజీ వస్తుంది. ఏ వెబ్ పేజీకీ మీ ఫోను లోపల వెతికి చూసే వీలు లేదు. అది ఉత్త బెదిరింపు. మూసేయండి. పోయిన డబ్బు తెప్పిస్తామంటూ రుసుము అడిగేవారిని కూడా నమ్మొద్దు. 1930కి ఫిర్యాదు చేయడానికి పైసా కట్టనక్కర్లేదు.

పథకం పని ఉంటే పీఎం కిసాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్ లో చూసుకోవచ్చు. చదువుకోవడం కష్టమైతే రైతు సేవా కేంద్రానికో, మీ సేవకో, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరకో పోయి అడగండి. విడత డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా వస్తుంది.

ఇక గ్రూపు సంగతి. తెలియక ఫైలు ఎక్కించినవారు సిగ్గుపడి ఊరుకుంటే, వారి పేరు మీద అది ఇంకో పదిమందికి పోతూనే ఉంటుంది. 'నా నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవొద్దు' అని వేరే ఫోను నుంచి ఒక్క మాట పెట్టండి. పక్క చేనుకు పురుగు పాకకుండా గట్టు మీదే ఆపినట్లవుతుంది.