వచ్చిన కలే మళ్ళీ వస్తుంటే

భద్రాచలం గుడి కథ ఒక కలతో మొదలవుతుంది. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి రాముడు కలలో కనిపించాడట. కొండ మీద తన విగ్రహాలు ఉన్నాయని చెప్పాడట. దమ్మక్క వెళ్ళి చూసింది. తాటాకు పందిరి వేసింది. తాటిపండు నైవేద్యం పెట్టింది. స్థలపురాణం ఇలా చెబుతుంది. ఆ తర్వాత, 17వ శతాబ్దంలో, కంచర్ల గోపన్న అక్కడ గుడి కట్టించాడు. ఆయన్నే రామదాసు అంటాం.

ఈ కథ వింటూ పెరిగిన ఊళ్ళలో కల అంటే తేలిక మాట కాదు. పొద్దున్నే లేచి ఒకరికొకరు చెప్పుకుంటారు. పన్ను ఊడినట్టు కల వస్తే కీడు అంటారు. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. ఒకసారి వచ్చిన కలనైతే మరిచిపోతాం. అదే కల పది రాత్రులు వస్తే? అప్పుడు భయం పట్టుకుంటుంది.

అసలు నిద్రలో ఏం జరుగుతుంది? 1953లో అమెరికాలోని చికాగోలో పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. నిద్రపోయే మనిషి కనుగుడ్లు కొంతసేపు రెప్పల కింద గబగబా కదులుతాయి. అప్పుడు లేపి అడిగితే, కల వస్తోందని చాలామంది చెప్పారు. రాత్రికి నాలుగైదు సార్లు ఇలా జరుగుతుంది. తెల్లవారేముందు ఎక్కువసేపు జరుగుతుంది. ఆ వెంటనే లేస్తాం కాబట్టి ఆ కలలే గుర్తుంటాయి. తెల్లవారుజాము కలకు అంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఆ సమయంలో కాళ్ళూ చేతులూ కదలకుండా మెదడే ఆపి ఉంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం మీద నుంచి దూకడూ! ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది. ఒళ్ళు తర్వాత కదులుతుంది. ఆ కాసేపూ గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. దయ్యం పట్టిందని హడలిపోతారు. కొద్ది నిమిషాల్లో అదే సర్దుకుంటుంది.

మళ్ళీ మళ్ళీ వచ్చే కలలు చాలా దేశాల్లో ఒకే తీరుగా ఉంటాయి. ఎవరో తరుముతుంటారు, కాళ్ళు కదలవు. ఎత్తు మీద నుంచి పడిపోతుంటాం. ఎప్పుడో చదువు ముగించిన పంతులు గారికి కూడా పరీక్ష కల వస్తుంది. పరీక్ష మొదలైంది, చేతిలో పెన్ను లేదు!

గోదావరి ఒడ్డున నీళ్ళ కలలు రావడంలో వింత లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. పిల్లల్ని చంకనెత్తుకుని, గొడ్లను విప్పి, మెరకకు పరుగెత్తినవాళ్ళు ఆ రాత్రిని మరువగలరా? ఎండాకాలంలో కూడా "నీళ్ళొస్తున్నయ్" అని ఉలిక్కిపడి లేస్తారు. ఆ కల జరిగిపోయిన వరదది. రాబోయే వరదది కాదు. రాబోయే వరద సంగతి కావాలంటే నీటిమట్టం చూడాలి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. పేపర్లో ఆ అంకె చదవడం మీకు వచ్చు.

అన్ని కలలూ ఇంత సూటిగా ఉండవు. అప్పు తీర్చలేనివాడిని కలలో ఎద్దు తరమవచ్చు. మనసులోని బరువు ఏదో ఒక రూపం కట్టి వస్తుంది. పాముకు ఒక ఫలితం, పంటికి ఒక ఫలితం రాసిన పుస్తకాలు తిరునాళ్ళలో అమ్ముతారు. వాటికి డబ్బు దండగ. పత్తి చేలో పాముకాటు తప్పించుకున్న కూలీకి వచ్చే పాము కల వేరు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఆమెకు వచ్చే పాము కల వేరు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గదు. "ఫలానా ముసలామె రోజూ కలలోకొచ్చి నా గొంతు పిసుకుతోంది" అంటారు. మంత్రగాడు అవునంటాడు. చేతబడి అనే మాట ఊరంతా పాకుతుంది. ఇలాంటి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు నేల మీద ఎన్నోసార్లు జరిగాయి. కలలోకి ఆ ముసలామే ఎందుకు వచ్చింది? తెలిసిన ముఖాలే కలలోకి ఎక్కువగా వస్తాయి. నిన్న బోరింగు దగ్గర మాటామాటా అనుకున్న మనిషి ఈ రాత్రి కనిపించవచ్చు. ఆ వేళకు ఆ ముసలామె తన గుడిసెలో నిద్రపోతూ ఉంటుంది. నీ కల సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

ఎక్కువ జ్వరంలో పీడకలలు, కలవరింతలు మామూలే. అడవి ఊళ్ళలో జ్వరం వస్తే ముందు రక్తపూత తీయించాలి. మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. లేనివి కనిపిస్తున్నాయంటాడు. తాయెత్తు కట్టి రెండు రోజులు చూద్దామంటే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోజూ సారా తాగేవాడు ఒక్కసారిగా మానేసినా కొన్నాళ్ళు పీడకలలు వస్తాయి. అది దేవుడి కోపం కాదు. వణుకు, ఫిట్స్ కూడా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పీడకలలతో నిద్రే కరువైనా, బతకాలని లేకపోయినా 14416కి ఫోన్ చేయవచ్చు. దాని పేరు టెలి మానస్. 2022లో మొదలైంది. తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు.

పీడకలకు వైద్యులు చెప్పే ఒక పద్ధతి ఉంది. పగటిపూట స్థిమితంగా కూర్చుని ఆ కలను గుర్తు చేసుకోవాలి. తర్వాత దాన్ని మనకు నచ్చినట్టు మార్చుకోవాలి. మార్చిన కలను రోజూ కాసేపు మనసులో అనుకోవాలి. కొన్ని వారాలకు చాలామందికి పీడకలలు తగ్గుతాయి. రాయడం వచ్చినవాళ్ళు నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. నీళ్ళొస్తున్నాయి. గట్టు దాకా వచ్చాయి. అంతలో పడవ వచ్చింది. పిల్లలు ఎక్కారు. మేకపిల్ల కూడా ఎక్కింది.